సింగపూర్ నుంచి జోహోర్‌కి కారులో ఏ వేళ బయల్దేరాలి: అపోహలు - వాస్తవాలు

సింగపూర్ నుంచి మలేసియాలోని జోహోర్ బారుకి కుటుంబాలను తీసుకెళ్లే వ్యాన్లు ఏ గంటకి కదలాలో నిర్ణయించడం నా ఉద్యోగం. ఇక్కడి తెలుగువాళ్లు ఫోన్ చేయగానే అడిగేది ఒక్కటే: "ఏ టైముకి వెళ్తే రద్దీ ఉండదండీ?" ఏ రోజు వెళ్తున్నారు, వెనక్కి ఎప్పుడు వస్తున్నారు, జోహోర్‌లో ఎక్కడికి అని నేను తిరిగి అడుగుతాను. అవి తెలియకుండా టైము చెప్పడం కుదరదు. సరిహద్దు దగ్గర క్యూ ఎంత ఉంటుందో తేల్చేది గడియారం కాదు, రెండు ఒడ్డుల మీదా ఉన్న జనం పనివేళలూ సెలవులూ. రెండు దేశాల మధ్య సముద్రపాయ మీద 1924లో ప్రారంభమైన రోడ్డుకట్ట, కాజ్‌వే, పొడవు కిలోమీటరు పైచిలుకు మాత్రమే. ఆ దారిలో ఉన్న వుడ్‌ల్యాండ్స్ చెక్‌పాయింట్‌ని రోజుకి రెండున్నర లక్షల మందికి పైగా దాటుతున్నారు.

అపోహ: తెల్లవారుజామున బయల్దేరితే రోడ్డు ఖాళీ

మామూలు పనిదినాల్లో, సింగపూర్ నుంచి జోహోర్ వైపు వెళ్లేటప్పుడు ఇది నిజమే. జోహోర్‌లో కాపురం ఉంటూ సింగపూర్‌లో పనిచేసే మలేసియన్లు నాలుగు, ఐదు గంటలకే మోటార్‌సైకిళ్ల మీద, బస్సుల్లో, కార్లలో ఇటువైపు వస్తుంటారు. మీరు వాళ్లకి ఎదురు దిశలో వెళ్తారు కాబట్టి ఇబ్బంది లేదు. సాయంత్రం ఐదు దాటాక లెక్క తిరగబడుతుంది. వాళ్లు ఇళ్లకి వెళ్లే దారీ మీరు వెళ్లే దారీ ఒకటే అవుతుంది. సెలవు పెట్టుకోగలిగితే మంగళవారమో బుధవారమో పొద్దున పది గంటల ప్రాంతంలో వెళ్లమంటాను. దానికి మించిన సమయం నాకు తెలియదు.

శనివారం సంగతి వేరు. పొద్దున్నే లేచి వెళ్దాం అన్న ఆలోచన ఆ రోజు సింగపూర్‌లో కారున్న ప్రతి ఇంట్లోనూ పుడుతుంది. ఏడు గంటలకే క్యూ సాగిపోయి ఉంటుంది. శనివారమే వెళ్లాలంటే ఐదు లోపు చెక్‌పాయింట్ చేరండి, లేదా ఇంట్లో భోంచేసి మధ్యాహ్నం నింపాదిగా కదలండి. మధ్యలో ఏడు నుంచి పదకొండు దాకా మాత్రం మా వ్యాన్లు వేయను.

ఇంకో ఆలోచన తరచుగా వింటుంటాను: ఆదివారం రాత్రి అక్కడే ఉండి, సోమవారం తెల్లవారుజామున నేరుగా ఆఫీసుకి వచ్చేద్దామని. దయచేసి వద్దు. వారం మొత్తంలో సింగపూర్ వైపు అతి ఎక్కువ ఒత్తిడి ఉండే వేళల్లో అదొకటి.

అపోహ: అర్ధరాత్రి ఎప్పుడూ ఖాళీయే

మామూలు రోజుల్లో సరే. శుక్రవారం రాత్రి, వరస సెలవుల ముందు రాత్రి కాదు. ఆఫీసు అయ్యాక, భోజనం చేశాక బయల్దేరినవాళ్లంతా ఒకరి వెనక ఒకరు చేరి అర్ధరాత్రి దాటినా కదలకుండా ఉంటారు.

అపోహ: వుడ్‌ల్యాండ్స్ కన్నా తువాస్ ఎప్పుడూ మేలు

1998లో తెరిచిన రెండో వంతెన తువాస్ మీదుగా పోతుంది. అక్కడ మనుషుల రద్దీ తక్కువన్నది మొత్తం మీద నిజమే. కానీ లారీలు ఎక్కువ. పైగా కౌలాలంపూర్, మలక్కా వెళ్లే కార్లు హైవే అందుకోవడానికి అటే మొగ్గుతాయి కనుక పొడుగు సెలవుల్లో తువాస్ కూడా నిండిపోతుంది. మీరు వెళ్లేది లెగోలాండ్‌కో, పుతెరి హార్బర్‌కో అయితే కళ్లు మూసుకుని తువాస్. రాజకాళియమ్మన్ అద్దాల గుడికో, జోహోర్ బారు నడిబొడ్డున ఉన్న మాల్స్‌కో అయితే తువాస్ మీదుగా చాలా దూరం చుట్టి రావాలి. వుడ్‌ల్యాండ్స్‌లో ఇరవై నిమిషాలు ఎక్కువ నిలబడ్డా అదే లాభం కావచ్చు.

అపోహ: సింగపూర్ సెలవుల క్యాలెండర్ చూసుకుంటే చాలు

నన్ను అడిగితే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మీ ముందు రెండు క్యాలెండర్లు ఉండాలి, మలేసియాది చూసేటప్పుడు అందులో జోహోర్ రాష్ట్రానిది విడిగా చూడాలి. తైపూసం సింగపూర్‌లో పబ్లిక్ సెలవు కాదు, జోహోర్‌లో సెలవు. మార్చి 23న జోహోర్ సుల్తాన్ జన్మదినం, అదీ అక్కడే సెలవు. అలాంటి రోజుల్లో జోహోర్ కుటుంబాలు సింగపూర్ చూడటానికి ఇటు వస్తాయి. గుడ్‌ఫ్రైడే దానికి తలకిందులు: సింగపూర్‌లో సెలవు, జోహోర్‌లో కాదు. ఆ గురువారం సాయంత్రం నుంచే కార్లన్నీ అటు పరుగు తీస్తాయి. దీపావళి రెండు చోట్లా సెలవే కాబట్టి రెండు దిశలూ బరువుగానే ఉంటాయి. పండక్కి చుట్టాలింటికి జోహోర్ వెళ్లేవాళ్లు ముందు రోజు మధ్యాహ్నానికే దాటేస్తే మంచిది. వీటికి తోడు సింగపూర్ బడులకి మార్చి, సెప్టెంబర్‌లలో వారం చొప్పున, జూన్‌లో నెల, ఏడాది చివర ఆరు వారాలు సెలవులు. చెక్‌పాయింట్లు చూసే ఐసీఏ ఇలాంటి రోజుల ముందు హెచ్చరిక ప్రకటన ఇస్తుంది. అది చదివి, అందులో రద్దీ అని చెప్పిన రోజుల్ని కొట్టేయండి.

పాత సలహాల విషయంలోనూ జాగ్రత్త. 2014 నుంచి 2024 చివరి దాకా జోహోర్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. ఆదివారం వాళ్లకి పనిదినం. 2025 జనవరి 1 నుంచి మళ్లీ శని, ఆదివారాలకి మారింది. "ఆదివారం జేబీ (జోహోర్ బారు) మాల్స్ ఖాళీగా ఉంటాయి" అన్న మాట ఆ పాత రోజులది. ఇప్పుడు ఇద్దరికీ ఒకేసారి సెలవు.

అపోహ: క్యూఆర్ కోడ్ వచ్చింది, ఇక ఆలస్యం లేదు

2024 మార్చి నుంచి సింగపూర్ చెక్‌పాయింట్లలో కార్లలో వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు ఇవ్వకుండా క్యూఆర్ కోడ్ చూపించి దాటుతున్నారు. మంచి ఏర్పాటు, తప్పకుండా వాడండి. నలుగురున్న కారుకి సుమారు ఇరవై సెకన్లు మిగులుతాయని అధికారుల అంచనా. అయితే అది బూత్ దగ్గర మిగిలే సమయం. వంతెన మీద ముందు కారు కదలకపోతే కోడ్ ఏం చేస్తుంది? మలేసియా వైపు తనిఖీ కూడా వేరే ఉంది.

మ్యాప్ యాప్ చూపించే నిమిషాల్నీ అలాగే తీసుకోండి. అది ఇప్పటి సంగతి. మీరు పుంగోల్ నుంచో జురాంగ్ నుంచో అక్కడికి చేరేసరికి దృశ్యం మారిపోతుంది. సింగపూర్ రవాణా సంస్థ ఎల్‌టీఏ నడిపే వన్‌మోటరింగ్ సైట్‌లో రెండు చెక్‌పాయింట్ల కెమెరా చిత్రాలు ఉచితంగా కనిపిస్తాయి. బయల్దేరే ముందు గంటసేపు అప్పుడప్పుడు తెరిచి చూడండి. వరస పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే మీకు కావలసింది.

అపోహ: వెళ్లే టైము కుదిరితే ప్రయాణం కుదిరినట్టే

వెళ్లేటప్పుడు గంట ఆదా చేసి, ఆదివారం సాయంత్రం వచ్చేటప్పుడు మూడు గంటలు నిలబడిన కుటుంబాలు ఎన్నో. అందుకే నేను ముందు తిరుగు ప్రయాణం టైము రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కడతాను. ఆదివారం మధ్యాహ్న భోజనానికి ముందే వెనక్కి తిరగండి. వంతెన మీద క్యూలో చిక్కుకుంటే బాత్రూమ్ ఉండదు. చిన్నపిల్లలు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఇది చిన్న విషయం కాదు. నీళ్లు, తినడానికి ఏదైనా చేతికందేలా పెట్టుకోండి.

బూత్ దాకా వెళ్లి వెనక్కి తిరగాల్సివస్తే ఎంత మంచి టైమూ వృథాయే. సింగపూర్ కారులో పెట్రోల్ ముప్పాతిక ట్యాంకు ఉండాలి, లేకపోతే జరిమానా వేసి వెనక్కి పంపుతారు. 2025 జులై నుంచి మలేసియా వీఈపీ (వాహన ప్రవేశ అనుమతి) లేని సింగపూర్ కార్లకి మూడు వందల రింగిట్ జరిమానా. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మలేసియా డిజిటల్ అరైవల్ కార్డుని అక్కడికి చేరే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైట్లని నమ్మకండి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్తుంటే వాళ్ల సింగపూర్ వీసా ఒక్కసారి ప్రవేశానికా, ఎక్కువసార్లకా అన్నది టైము కన్నా ముందు చూడండి. ఒక్కసారిదే అయితే జోహోర్‌లో దిగాక తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి. ఎక్కువసార్లదే అయినా, వచ్చేటప్పుడు వాళ్లకి ఎస్‌జీ అరైవల్ కార్డు మళ్లీ నింపాలి. దీర్ఘకాలిక పాస్ (ఉద్యోగ, నివాస అనుమతి) మీద ఇక్కడ ఉంటున్న మీకు రోడ్డు దారిలో అది అక్కర్లేదు కాబట్టి, వాళ్లది మర్చిపోవడం చాలా తేలిక.