తిండి పుస్తకాలు, వైన్ పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

“తిండి మీద మంచి పుస్తకం చెప్పండి” అని ఎవరైనా అడిగితే పుస్తకాలమ్మేవాళ్లం ముందు అడిగేది ఒకటే: వండుకోవడానికా, చదువుకోవడానికా? ఆ తర్వాతే పుస్తకం చేతికివ్వాలి. హైదరాబాద్‌లో మా తిండి పుస్తకాల అర దగ్గర రోజూ వినబడే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: తిండి పుస్తకమంటే వంటల పుస్తకమే.

వాస్తవం: సమంత్ సుబ్రమణియన్ ‘ఫాలోయింగ్ ఫిష్’ (2010) చూడండి. చేపల వెంట మన తీరప్రాంతాలు తిరుగుతూ రాసిన వ్యాసాలవి. మధ్యలో తీరం వదిలేసి మన ఊరికొస్తాడు, మృగశిర కార్తె చేప మందు కోసం. బతికున్న కొర్రమీను పిల్లను గొంతులోకి వదిలే ఆ జాతర సంగతి చదవడానికి పొయ్యి వెలిగించాల్సిన పని లేదు. మందు పనిచేస్తుందా అన్నది వేరే చర్చ.

అపోహ: తెలుగులో తిండి మీద చదవదగ్గ రాతలు లేవు.

వాస్తవం: ఈ మాట అన్నవాళ్లకు ‘ఆముక్తమాల్యద’ మొదటి ఆశ్వాసం తీసి చూపించాలి. ఆ కావ్యంలోని భక్తుడు విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం పెట్టేవాడో కృష్ణదేవరాయలు మూడు పద్యాల్లో చెప్పాడు. వానాకాలంలో కట్టెలు తడిసి ఉంటాయి కాబట్టి, భార్య కళ్లకు పొగ సోకకుండా కొబ్బరి చిప్పలతో మంట. వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. వేసవిలో గోరువెచ్చని అన్నం, చారు, పలుచని అంబలి, చెరుకురసం, నీరుమజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్లు, చేతికి చురుక్కుమనే నెయ్యి. టీకా తాత్పర్యాలున్న ప్రతి కొనండి. ఉత్త మూలం కొంటే పదో పద్యానికే అటకెక్కుతుంది. ఇది రుచిస్తే తర్వాత ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్ల ఇల్లు ఉంది, ఒక్క రూకకు భోజనం.

ఆ మూడు పద్యాల్లో ఎక్కడా పచ్చిమిరపకాయ కనబడదు, గమనించండి. మన దగ్గరికి మిరప తెచ్చింది పోర్చుగీసువాళ్లు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా, అప్పటికి వంటింట్లో కారమంటే మిరియమే. ఇక్కడ ఆసక్తి పుట్టినవాళ్లకు కె.టి. అచయ ‘ఇండియన్ ఫుడ్: ఎ హిస్టారికల్ కంపానియన్’ (1994) ఇవ్వొచ్చు. ఆయన హైదరాబాద్ రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీలో, అంటే ఇప్పటి ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ)లో, నూనెల మీద పనిచేసిన శాస్త్రవేత్త. నవల్లా మొదటి పేజీ నుంచి చదివితే విసుగొస్తుంది. ఇండెక్స్‌లో చింతపండో, ఇడ్లీయో వెతికి అక్కడ మొదలుపెట్టాలి.

అపోహ: తాగనివాళ్లకు వైన్ పుస్తకాలతో పనేముంది?

వాస్తవం: మంచి వైన్ పుస్తకంలో సగం వ్యవసాయం, సగం మనుషుల అహం. 1976 మే 24న పారిస్‌లో సీసాల పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలే తెల్ల వైన్‌లోనూ ఎర్ర వైన్‌లోనూ కాలిఫోర్నియా వాటికి మొదటి స్థానమిచ్చారు. అక్కడున్న ఒకే ఒక్క విలేఖరి జార్జ్ టేబర్ రాసిన ‘జడ్జిమెంట్ ఆఫ్ పారిస్’ (2005) ఆఖరి ఓవర్ మ్యాచ్‌లా సాగుతుంది. తోటల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఫిలోక్సెరా చరిత్ర చెప్పండి: 19వ శతాబ్దంలో వేళ్లను తినే చిన్న పురుగు యూరప్ ద్రాక్షను తుడిచిపెడితే, అమెరికా వేరు మొక్కల మీద అంటు కట్టి నిలబెట్టుకున్నారు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండిన మన ఊరివాళ్లకు ఇది పరాయి కథ కాదు.

కొనకూడనివి ఏటేటా వచ్చే వైన్ ధరల, మార్కుల గైడ్లు. పాతబడ్డాక ఎంత చవకైనా దండగే.

అపోహ: విదేశీ వంటల పుస్తకంలో ఉన్నట్టే చేస్తే చాలు, కుదురుతుంది.

వాస్తవం: ముందు అది ఏ దేశపు ముద్రణో చూడండి. అమెరికన్ పుస్తకంలో ఓవెన్ 350 అంటే ఫారన్‌హీట్, మనకు సుమారు 177 సెల్సియస్. ఒక స్టిక్ వెన్న 113 గ్రాములు. చాలా దేశాల్లో టేబుల్‌స్పూన్ 15 మి.లీ. అయితే ఆస్ట్రేలియాలో 20. అసలు దెబ్బ ఉప్పు దగ్గర తగులుతుంది. అమెరికన్లు కోషర్ ఉప్పు అంటే పెద్ద, తేలికైన పలుకులు. బ్రాండును బట్టి టీస్పూన్‌కు మూడు గ్రాములే తూగొచ్చు. మన మెత్తటి ఉప్పు అదే చెంచాకు ఆరు గ్రాములు. చెంచా లెక్కన వేస్తే రెట్టింపు ఉప్పు. సగంతో మొదలుపెట్టి రుచి చూసి వేసుకోవాలి. హెవీ క్రీమ్‌లో కొవ్వు కనీసం 36 శాతం. మన డబ్బా ఫ్రెష్ క్రీమ్‌లో పాతిక శాతం దాకానే, ఎంత గిలకొట్టినా గట్టిపడదు. గ్రాముల్లో కొలతలిచ్చిన పుస్తకమైతే ఈ తంటాలు చాలావరకు తప్పుతాయి.

అపోహ: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వంటల పుస్తకం కొంటే మోసపోతాం.

వాస్తవం: చూసి కొంటే మోసం లేదు. రంగు బొమ్మల పేజీలు మధ్యలో విడిగా కుట్టి ఉంటాయి, చిరిగిపోయేది అక్కడే. వాటికి ముందూ వెనకా పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయా చూడండి. చివర్లో ఇండెక్స్ ఉండాలి. నూనె మరకలుంటే దిగులుపడకండి, ఎవరో వండి చూసిన పేజీలవి. నునుపు కాగితం తడికి అతుక్కుపోయి ఉంటే మాత్రం వదిలేయండి, విప్పబోతే అక్షరాలు ఊడొస్తాయి.