‘టుమారోల్యాండ్’ ఎవరికీ నచ్చలేదా? అపోహలు - వాస్తవాలు

సినిమాలు చూసి రాయడం, చూసినవాళ్లు ఏమంటున్నారో వినడం నా పని. ప్రదర్శన అయ్యాక చర్చలు కూడా నడుపుతుంటాను. రేపటి మీద నమ్మకంతో తీసిన సైన్స్ ఫిక్షన్ గురించి మాట వస్తే ఎవరో ఒకరు హాలీవుడ్ దర్శకుడు బ్రాడ్ బర్డ్ తీసిన ‘టుమారోల్యాండ్’ (2015) పేరెత్తుతారు. వెంటనే ఇంకొకరు “అది ఫ్లాపే కదండీ” అని తేల్చేస్తారు. చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఈ సినిమా మీద జనం చెప్పిన మాటల్లో పట్టించుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను. కథలో కొన్ని మలుపులు బయటపెట్టక తప్పదు, చూడనివాళ్లు గమనించగలరు.

కథ క్లుప్తంగా ఇదీ. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌కి సొంతంగా తయారుచేసిన జెట్‌ప్యాక్ పట్టుకుని ఫ్రాంక్ అనే పిల్లాడు వస్తాడు. అథీనా అనే అమ్మాయి అతనికి ఒక పిన్ను ఇస్తుంది. దాని పుణ్యమా అని అతను వేరే లోకంలోని ఓ అద్భుత నగరానికి చేరతాడు. ఏళ్లు గడిచాక కేసీ అనే టీనేజ్ అమ్మాయి చేతికీ అలాంటి పిన్నే వస్తుంది. వాళ్ల నాన్న నాసా ఇంజనీరు. కేప్ కెనావెరల్‌లో లాంచ్ ప్యాడ్‌ని విప్పేస్తుంటే, ఆ పని ఆపాలని రాత్రిపూట వెళ్లి యంత్రాలు చెడగొట్టే రకం ఈ అమ్మాయి. పెద్దయి, ఆశ వదిలేసి, ఒంటరిగా బతుకుతున్న ఫ్రాంక్‌గా జార్జ్ క్లూనీ కనిపిస్తాడు.

అపోహ: డబ్బులు రాలేదంటే జనానికి నచ్చలేదనే.

వాస్తవం: నష్టం వచ్చిన మాట నిజం. ఖర్చు సుమారు 190 మిలియన్ డాలర్లు, ప్రపంచవ్యాప్త వసూళ్లు సుమారు 209 మిలియన్లు. వసూళ్లే ఎక్కువ కదా అనిపిస్తుంది. కానీ టికెట్ డబ్బుల్లో దాదాపు సగం థియేటర్లకే పోతుంది. పైగా పబ్లిసిటీ ఖర్చు ఆ 190లో ఉండదు. అయితే ఈ లెక్క ఎంతమంది టికెట్ కొన్నారో చెబుతుంది, కొన్నవాళ్లకు ఎలా అనిపించిందో చెప్పదు. దానికి సినిమాస్కోర్ అనే సంస్థ ఉంది. విడుదలైన రోజే అమెరికా, కెనడా థియేటర్ల దగ్గర ప్రేక్షకులకు కార్డులిచ్చి గ్రేడ్ వేయించుకుంటుంది. అక్కడ ‘టుమారోల్యాండ్’కి వచ్చింది ‘బి’. మొదటి రోజు వచ్చేవాళ్లు ఇష్టపడి వచ్చేవాళ్లే కాబట్టి, పిల్లలతో చూసే సినిమాలకు సాధారణంగా ‘ఎ’ దరిదాపుల్లో గ్రేడ్లు పడతాయి. ఆ లెక్కన ‘బి’ అంటే మన భాషలో యావరేజ్ టాక్. డిజాస్టర్ టాక్ మాత్రం కాదు.

అపోహ: రాటెన్ టొమాటోస్‌లో 50 శాతం వచ్చిందంటే వందకు యాభై మార్కులు.

వాస్తవం: కాదు. రాటెన్ టొమాటోస్ విమర్శకుల సమీక్షలను పోగుచేసే సైట్. రాసినవాళ్లలో సగం మంది బాగుందన్నారు, సగం మంది బాగాలేదన్నారు, అంతే. ఎంత బాగుంది, ఎంత బాగాలేదు అన్నది ఆ శాతంలో ఉండదు. మెటాక్రిటిక్ అనే ఇంకో సైట్ మార్కుల సగటు తీసే పద్ధతిలో వెళ్తుంది. అక్కడ ఇదే సినిమాకు వందకు 60 వచ్చింది. మన దగ్గర దీన్నే డివైడ్ టాక్ అంటాం. డివైడ్ టాక్ ఉన్న సినిమాకు సగటు చూడటం వల్ల లాభం లేదు. ఎక్కడ చీలారో చూడాలి.

అపోహ: ఆశ, మంచితనం అంటూ క్లాస్ పీకారు కాబట్టే జనానికి ఎక్కలేదు.

వాస్తవం: నేను ఎక్కువగా వినేది ఇదే, నేను ఒప్పుకోనిదీ ఇదే. ఎక్కడ నచ్చలేదని కొంచెం ఓపిగ్గా అడిగి చూడండి. చాలామంది “ఆ నగరాన్ని సరిగ్గా చూపించనే లేదు” అంటారు. అంటే వాళ్లకు ఆశ ఎక్కువైందన్న బాధ లేదు, అది సరిపోలేదన్నదే బాధ.

పిన్ను సీన్ గుర్తు చేసుకోండి. కేసీ పిన్నుని వేలితో తాకగానే చుట్టూ ఉన్న గది మాయమై గోధుమ చేను ప్రత్యక్షమవుతుంది. దూరంగా నగరం మెరుస్తుంటుంది. వేలు తీస్తే మళ్లీ మామూలు లోకం. కానీ ఆమె శరీరం ఇక్కడే ఉంది. అక్కడ చేలో నడుస్తుంటే ఇక్కడ గోడకు గుద్దుకుంటుంది, మెట్ల మీద నుంచి జారిపడుతుంది. అందుకని ఏ అడ్డూ లేని బయలు చోటుకి వెళ్లి మళ్లీ తాకుతుంది. అప్పుడు నగరం లోపలికి వెళ్తాం. గాల్లో ఒకదాని కింద ఒకటి తేలే ఈత కొలనులు, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి దూకే పిల్లలు, ఆకాశంలోకి బయల్దేరబోతున్న రాకెట్. సరిగ్గా ఆ రాకెట్ దగ్గరికి చేరే సమయానికి పిన్ను గడువు అయిపోతుంది. చూస్తే ఆమె మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంటుంది. ఈ సీన్ నచ్చలేదన్న మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

తర్వాత తెలుస్తుంది, కేసీ చూసింది నిజమైన నగరం కాదు, మనుషుల్ని పిలవడానికి చేసిన ప్రకటన అని. అసలు నగరం ఎప్పుడో పాడుబడింది. చివరికి అక్కడికి చేరాక కనిపించేవి ఖాళీ వీధులు, విలన్ ప్రసంగం, ఓ ఫైటు. కేసీకి జరిగిందే ప్రేక్షకుడికీ జరిగింది. ట్రైలర్‌లో గోధుమ చేను చూసి వచ్చాడు, సెకండాఫ్‌లో శిథిలాలు చూసి వెళ్లాడు. కథ ప్రకారం అది సబబే, రేపటిని చేజేతులా పాడుచేసుకున్నామని చెప్పడమే ఉద్దేశం. కానీ 130 నిమిషాల సినిమాలో ఆ వెలుగు చూపించింది కొద్ది నిమిషాలే. ఇది స్క్రీన్‌ప్లేలో లోపం. దీన్ని ఆశ అనే విషయం మీదకి నెట్టడం అన్యాయం.

క్లాస్ పీకడం అసలు లేదా? ఉంది. హ్యూ లారీ వేసిన నిక్స్ అనే విలన్ పాత్ర చివర్లో ఓ పెద్ద ప్రసంగం చేస్తుంది. ముప్పు రాబోతోందని మనుషులకు చూపిస్తే భయపడి మారతారనుకున్నాడట, వాళ్లు మాత్రం ఆ వినాశనాన్నే వినోదంగా ఎగబడి చూశారట. ఇదే ప్రసంగం సినిమాలో అతి బోరు అని కొందరు, ఈ ఒక్కదాని కోసం మళ్లీ చూశామని కొందరు అంటారు. నేను రెండో పక్షం. అయితే ఇదే విషయాన్ని మాటలు లేకుండా చెప్పిన చోటు ముందే ఒకటుంది. స్కూల్లో టీచర్లు ఒకరి తర్వాత ఒకరు ప్రపంచం ఎలా నాశనమవుతుందో పాఠం చెబుతుంటారు. కేసీ చెయ్యి ఎత్తుతూనే ఉంటుంది. చివరికి అవకాశం వచ్చాక అడిగేది ఒక్కటే, దీన్ని బాగుచేయడానికి మనమేం చేస్తున్నాం అని. టీచరు దగ్గర జవాబు ఉండదు. ఆ సీన్ దగ్గర నీతులు చెప్పారని ఎవరూ విసుక్కోరు.

అపోహ: మంచి రేపటి కథలు అసలు ఆడవు.

వాస్తవం: అదే 2015 అక్టోబరులో ‘ది మార్షియన్’ వచ్చింది. అంగారకుడి మీద చిక్కుకున్న మనిషి బెంబేలెత్తకుండా ఒక్కో సమస్యను లెక్కలేసి పరిష్కరించుకుంటాడు, భూమ్మీద దేశాలు చేయి కలిపి అతన్ని తెచ్చుకుంటాయి. విలనే లేడు. 600 మిలియన్ డాలర్లు దాటి వసూలు చేసింది. అక్కడ ఆశ గురించి ఉపన్యాసం లేదు, మట్టిలో బంగాళాదుంపలు మొలిపించడం ఉంది.

అపోహ: విమర్శకులు తొక్కేశారు, మామూలు జనం మెచ్చుకున్నారు. (దీన్నే తిరగేసి చెప్పేవాళ్లూ ఉన్నారు.)

వాస్తవం: ఈ సినిమా విషయంలో రెండూ కావు. రెండు వర్గాలూ దాదాపు ఒకే చోట చీలాయి. అథీనాగా చేసిన రాఫీ క్యాసిడీని ఇద్దరూ మెచ్చుకున్నారు, సెకండాఫ్ దగ్గర ఇద్దరూ నీరసపడ్డారు. ఎంపిక చేసిన ప్రతిభావంతులకే ఆ నగరంలో చోటు, మిగతావాళ్ల గతేంటి అన్న ప్రశ్న సమీక్షల్లోనూ వచ్చింది, ప్రేక్షకుల నుంచీ వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. ముగింపులో పిన్నులు శాస్త్రవేత్తలకే కాకుండా కళాకారులకూ అందడం చూపించారు గానీ, ఎంపిక మాత్రం ఎంపికే.

అపోహ: మొదటి వారం టాకే ఫైనల్.

వాస్తవం: ఇదే దర్శకుడి మొదటి సినిమా ‘ది ఐరన్ జెయింట్’ 1999లో థియేటర్లలో దెబ్బతింది. చూసిన కొద్దిమందీ బాగా మెచ్చుకున్నారు, స్టూడియో మాత్రం దాన్ని జనం దగ్గరికి సరిగ్గా తీసుకెళ్లలేకపోయింది. తర్వాత టీవీలో, వీడియోల్లో ఓ తరం పిల్లలు దాన్ని చూస్తూ పెరిగారు. 2015లో, అంటే ‘టుమారోల్యాండ్’ వచ్చిన ఏడాదే, కొత్త సీన్లు కలిపి మళ్లీ థియేటర్లలో వేశారు. అలాగని ఫ్లాపైన ప్రతి సినిమా క్లాసిక్ అయిపోదు. ‘టుమారోల్యాండ్’కి ఆ స్థాయి ప్రేమ దక్కుతుందని నేను అనుకోను, దాని సెకండాఫ్ అందుకు అడ్డం. మొదటి గంటకు మాత్రం దక్కాలి.

అపోహ: డిస్నీ వాళ్ల సినిమా కాబట్టి చంటి పిల్లలకు కూడా పెట్టేయొచ్చు.

వాస్తవం: అమెరికాలో దీనికి ఇచ్చింది ‘పిజి’, అంటే కొన్ని సీన్లు పిల్లలకు తగకపోవచ్చు, పెద్దవాళ్లు చూసుకోవాలని చెప్పే రేటింగ్. మనుషుల్లా కనిపించే రోబోలు నవ్వుతూనే పోలీసుల్ని బూడిద చేస్తాయి. పాత బొమ్మలు అమ్మే దుకాణంలో జరిగే గొడవ బాగానే భయపెడుతుంది. యాభై ఏళ్ల కిందట అథీనాని ప్రేమించిన పిల్లాడు ముసలివాడైపోయాడు, రోబో అయిన ఆమె మాత్రం అలాగే ఉండిపోయింది. వాళ్లిద్దరి మధ్య బాధ కొందరు పెద్దలకు ఇబ్బందిగా కూడా అనిపించింది. చిన్నవాళ్లకైతే అది అర్థం కాదు. అమ్మానాన్నలు అడిగితే తొమ్మిది, పదేళ్లు దాటిన పిల్లలకు చూపించమంటాను. ఆ వయసు వాళ్లు పిన్ను సీన్ దగ్గర సినిమా ఆపేసి, మళ్లీ వెనక్కి తిప్పి చూడమంటారు. తిప్పండి.