కుక్క ఛాతీ నొక్కితే రక్తం ఎలా నడుస్తుంది?

నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, బిలోలి చుట్టుపక్కల మన తెలుగువాళ్ల చేలల్లో కాపలా కుక్కలకు పెద్ద గండం అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగ. షాక్‌కు గుండె ఆగి పడిపోయిన కుక్కకు ముఖాన నీళ్లు చల్లి లాభం లేదు. ముందు కరెంటు తీసేసి, వెంటనే ఛాతీ నొక్కాలి. ఎక్కడ నొక్కాలన్నది మాత్రం కుక్క ఒంటి వాటాన్ని బట్టి ఉంటుంది.

మరాఠ్వాడాలో పేరున్న కారవాన్ హౌండ్ అనే వేటకుక్కనే తీసుకోండి. దాని ఛాతీ లోతుగా ఉంటుంది కానీ రెండు పక్కలా అదిమినట్టు సన్నం. పక్కకు పడుకోబెట్టి ముందుకాలు మడిస్తే మోచేయి ఆనే చోటుకు కిందే గుండె ఉంటుంది. అక్కడ నొక్కితే గుండె గదులు పక్కటెముకల మధ్య నలిగి రక్తం బయటికి పోతుంది, కవాటాలు దాన్ని వెనక్కి రానివ్వవు.

లాబ్రడార్ లాంటి గుండ్రటి ఛాతీలో ఇది కుదరదు. గుండె లోపలెక్కడో ఉంటుంది, మన బలం అందాకా చేరదు. అందుకని ఛాతీ అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట నొక్కుతారు. లోపలి ఒత్తిడంతా ఒక్కసారి పెరిగి రక్తాన్ని ఛాతీ బయటికి తోస్తుంది. గుండె అప్పుడు దాదాపు ఒట్టి గొట్టమే! దగ్గినా ఛాతీలో ఒత్తిడి ఇలాగే పెరుగుతుంది. నమ్మబుద్ధి కాదు గానీ, గుండె లయ తప్పిన రోగులు ఆపకుండా దగ్గుతూ స్పృహ నిలుపుకున్నారని 1976లోనే వైద్యులు రాశారు.

అసలు ఈ పద్ధతి బయటపడిందే కుక్కల మీద. 1950ల చివర్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో, గుండె లయ సరిచేయడానికి షాక్ ఇచ్చే బరువైన పలకలను కుక్క ఛాతీకి అదిమినప్పుడు రక్తపోటు పెరగడం గై నికర్‌బాకర్ అనే పరిశోధకుడు గమనించాడు. తోటి పరిశోధకులు కోవెన్‌హోవెన్, జూడ్‌లతో కలిసి 1960లో అచ్చువేసిన వ్యాసంతో అది మనుషుల వైద్యంలోకి వచ్చింది.

అందరూ బలమంతా నొక్కడంలోనే పెడతారు. నన్నడిగితే సగం పని వదలడంలో ఉంది. ఛాతీ పూర్తిగా పైకి లేచినప్పుడే సిరల్లోని రక్తం గుండెలోకి వస్తుంది, గుండె కండరానికే రక్తమిచ్చే కరోనరీ ధమనుల్లోకి రక్తం పారేదీ ముఖ్యంగా అప్పుడే. కుక్క మీద వాలిపోయి నొక్కితే రెండూ చెడతాయి. బోరింగు కొట్టేటప్పుడు మొదటి దెబ్బలకు నీళ్లు రావు కదా, ఇక్కడా రక్తం ఒత్తిడి అందుకోవడానికి సుమారు నిమిషం పడుతుంది. ఆపితే చటుక్కున దిగిపోతుంది.

నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా నొక్కమంటాయి పశువైద్యుల రికవర్ మార్గదర్శకాలు. ఎంత బాగా చేసినా మామూలు రక్తప్రవాహంలో 25-30 శాతానికి మించదు. రెండు నిమిషాలకు చేతులు అలిసి లోతు తగ్గుతుంది కాబట్టి, పక్కన ఇంకొకరుంటే అప్పుడే మారాలి.