పనిమంతుడిని సూపర్‌వైజర్ చేస్తే సరిపోతుందా? అపోహలు - వాస్తవాలు

"మా దగ్గర అందరికంటే బాగా పనిచేసేవాడినే ఫోర్‌మన్ చేశాం మేడం. ఇప్పుడు ఉత్పత్తి పడిపోయింది, కుర్రవాళ్లు మానేస్తున్నారు. మీరొచ్చి రెండు రోజులు క్లాసు చెప్పండి." హనుమకొండ నుంచి పెద్దపల్లి దాకా యజమానులు నాకు ఫోన్ చేసి చెప్పే మాట ఇంచుమించు ఇదే. ఉద్యోగులకు పని నైపుణ్యాలు, నాయకత్వం నేర్పడం నా వృత్తి. పని వచ్చినవాడికి పని చేయించడం కూడా దానంతటదే వస్తుందన్న అపోహ చేసినంత నష్టం ఈ రంగంలో మరే అపోహా చేయదు. యజమాని ఒక మంచి పనివాడిని పోగొట్టుకుంటాడు. ఆ పనివాడు తన మీద తనకున్న నమ్మకాన్నే పోగొట్టుకుంటాడు.

రైస్ మిల్లు సంగతే చూడండి. షెల్లర్‌లో రెండు రబ్బరు రోళ్లు వేర్వేరు వేగాలతో ఎదురెదురుగా తిరుగుతూ వడ్ల పొట్టు తీస్తాయి. వాటి మధ్య సందు మరీ తగ్గితే నూక పెరుగుతుంది, రోళ్లు తొందరగా అరుగుతాయి. మరీ పెరిగితే పొట్టు ఊడని వడ్లు మిగిలిపోతాయి. అనుభవమున్న ఆపరేటర్ చప్పుడు విని, పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుని చూసి సందు సరిచేసేస్తాడు.

పెద్దపల్లి జిల్లాలోని ఒక మిల్లులో అలాంటి ఆపరేటర్‌నే ఫోర్‌మన్ చేశారు. కుర్రవాళ్లకు ఎలా చెప్పాలో తెలియక ప్రతి యంత్రం దగ్గరికీ ఆయనే పరుగెత్తేవాడు. రాత్రి షిఫ్టులో ఏది ఆగినా ఇంటి నుంచి లేచి వచ్చేవాడు. నేను వెళ్లగానే "నన్ను మళ్లీ మిషన్ మీదికే పంపమని మీరైనా చెప్పండి మేడం" అన్నాడు. సందు ఎంత ఉండాలో ఎలా తెలుస్తుందని అడిగాను. "చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని మాటల్లోకి అంత తేలిగ్గా రాదు. ఇద్దరం షెల్లర్ పక్కనే నిలబడ్డాం. ఒక్కో కదలిక దగ్గర ఆగి ఎందుకలా చేశాడో ఆయన చెబుతుంటే నేను రాశాను. వడ్ల తేమ మారితే ఏం చూస్తాడు, గింజల్లో ముందు దేనికోసం వెతుకుతాడు, రోళ్లు సమానంగా అరగకపోతే చప్పుడు ఎలా మారుతుంది. ఆ కాగితం దగ్గర పెట్టుకుని ఆయన ఒక కుర్రవాడికి పని చేసి చూపించాడు, అతనితో చేయించాడు, చేస్తున్నంతసేపూ కారణం అతని నోటితోనే చెప్పించాడు. తర్వాత పక్కకు తప్పుకుని, మధ్యమధ్య వచ్చి చూసి వెళ్లాడు.

ఈ పద్ధతి కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కర్మాగారాల్లోకి కొత్తవాళ్లు వెల్లువలా వస్తుంటే, అమెరికా 1940లో మొదలుపెట్టిన 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' పథకం సూపర్‌వైజర్లకు పని నేర్పడమెలాగో 10 గంటల్లో నేర్పింది. యుద్ధం తర్వాత టయోటా దాన్ని అందుకుంది. మన దగ్గరా ఉదాహరణ ఉంది. గోదావరిఖనిలోనో భూపాలపల్లిలోనో ఎన్నేళ్లు బొగ్గు తీసినా, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోకుండా ఎవరూ మైనింగ్ సర్దార్, అంటే గనిలో కార్మికుల పనినీ భద్రతనూ చూసుకునేవాడు, కాలేరు. సర్దార్ల పైన ఉండే ఓవర్‌మన్‌కు మరో సర్టిఫికెట్ కావాలి. పదిమంది ప్రాణాలకు బాధ్యత వహించడం వేరే పని అని గనుల చట్టం ఎప్పుడో గుర్తించింది. మిల్లులకూ, షోరూములకూ, మడికొండ ఐటీ కార్యాలయాలకూ మాత్రం ఈ సంగతి ఇంకా పట్టడం లేదు.

ఇంగ్లీషు రానివాడు పైకి రాలేడన్నది వట్టి పుకారు. తెలుగు మీడియంలో ఐటీఐ చేసిన పిల్లలు ఈ భయంతో ప్రమోషన్ వద్దంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. యంత్రం పేర్లు, రిజిస్టర్‌లో రాసే మాటలు వస్తే చాలు. బిహార్ నుంచి వచ్చిన కార్మికుడిని ప్రమాదం గురించి హెచ్చరించడానికి నాలుగు హిందీ ముక్కలు అంతకంటే ఎక్కువ అక్కరకొస్తాయి.

నేర్పిస్తే హైదరాబాద్ వెళ్లిపోతారంటారు. కొందరు వెళతారు, నిజమే. కానీ మానేసినవాళ్లను కదిపి చూస్తే, జీతం తర్వాత నాకు ఎక్కువగా వినిపించేది పైవాడి నోటి దురుసు గురించే.

రెండు రోజుల క్లాసుతో మారిపోతారన్నదీ నమ్మకండి. క్లాసులో విన్నది మర్నాడే పనిలో పెట్టకపోతే నిలవదు. హోటల్ హాలుకు పెట్టే ఖర్చుతో ఫోర్‌మన్‌కు రోజుకు అరగంట ఖాళీ ఇప్పించండి, కుర్రవాళ్లకు నేర్పుకుంటాడు.

సూపర్‌వైజర్ పని ఇస్తామంటే నిద్ర పట్టని వాళ్లు ఒప్పుకునే ముందు యజమానిని నాలుగు సంగతులు అడగండి. నా కింద ఎవరెవరు పనిచేస్తారు? సెలవు ఇచ్చే, పని మార్చే అధికారం నాకుంటుందా? మొదటి నెలల్లో నాకు ఎవరు నేర్పిస్తారు? నాకు కుదరకపోతే జీతం తగ్గకుండా పాత పనికి వెళ్లవచ్చా? జవాబులు కాగితం మీద తీసుకోండి. అలా అడిగితే చెడ్డపేరు వస్తుందని భయపడకండి. నేను చూసినంతలో, ఈ ప్రశ్నలు విన్న యజమానులు అప్పటిదాకా వాటి గురించి ఆలోచించనేలేదు.