హనుక్కా: తేదీ, దీపాల గురించి అపోహలు - వాస్తవాలు

నేను పంచాంగ గణితం చేస్తాను. మన లెక్కతో పాటు యూదుల కాలమానం కూడా ఇష్టపడి నేర్చుకున్నాను. అమెరికాలో ఉన్న మనవాళ్లు "పక్కింటివాళ్ల హనుక్కా ఈసారి ఎప్పుడండీ?" అని అడుగుతుంటారు. హనుక్కా యూదుల దీపాల పండుగ. దాని గురించి మనవాళ్ల మాటల్లో తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: హనుక్కాకు ఒక తేదీ అంటూ లేదు, ఏటా మారిపోతుంది.

వాస్తవం: తేదీ ఎప్పుడూ ఒకటే, యూదుల కిస్లేవ్ నెల 25. మారేది ఇంగ్లిష్ తేదీ. మన దీపావళికీ అంతే కదా! వాళ్ల నెల కూడా మన నెలలాగే అమావాస్య వెళ్లాక మొదలవుతుంది. కాబట్టి 25వ రోజు మన బహుళ దశమి, ఏకాదశి ప్రాంతంలో పడుతుంది. ఎనిమిది రోజుల పండుగ నడుమ అమావాస్య వస్తుంది. చలికాలం, పైగా వెన్నెల లేని రాత్రులు. అప్పుడు రోజుకో దీపం పెంచుకుంటూ పోతారు. ఈ పండుగలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి వాళ్లకూ అధికమాసం ఉంది, 19 ఏళ్లలో 7 సార్లు. మనకు సంక్రాంతి లేని, అంటే సూర్యుడు రాశి మారని నెల అధికమవుతుంది, అది ఏ నెలకు వస్తుందో లెక్క చూడాలి. వాళ్లకు ఎప్పుడూ అదార్ నెలే అధికం. వాళ్ల పస్కా పండుగ వసంతంలోంచి జారిపోకుండా ఆ ఏర్పాటు. ఈ తేడా వల్ల ఏమవుతుందో చూడండి. 2025లో దీపావళి అక్టోబర్ 20న, హనుక్కా డిసెంబర్ 14 సాయంత్రం. నడుమ 55 రోజులు. 2026లో దీపావళి నవంబర్ 8న, హనుక్కా డిసెంబర్ 4 సాయంత్రం. నడుమ 26 రోజులే. మన అధిక జ్యేష్ఠం 2026లోనే పడింది, వాళ్ల అధిక అదార్ 2027లో.

అపోహ: క్యాలెండర్‌లో హనుక్కా అని వేసిన రోజు రాత్రి మొదటి దీపం.

వాస్తవం: యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. క్యాలెండర్‌లో మొదటి రోజు డిసెంబర్ 15 అని ఉంటే మొదటి దీపం 14 సాయంత్రమే. ఏ ఊరి సూర్యాస్తమయం ఆ ఊరిది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులున్నారు. అక్కడ పొద్దుగూకే వేళకు న్యూజెర్సీలో అప్పుడే పొద్దు పొడుస్తుంటుంది. శుక్రవారం మాత్రం జాగ్రత్త: వాళ్ల వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు ఆ సాయంత్రం మొదలయ్యాక నిప్పు వెలిగించకూడదు కాబట్టి హనుక్కా దీపాలు అంతకు ముందే వెలిగిస్తారు.

అపోహ: ఇది యూదుల క్రిస్మస్.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. హనుక్కా అంటే ప్రతిష్ఠించడం. క్రీ.పూ. 167లో గ్రీకు సెల్యూసిడ్ వంశపు రాజు నాలుగో అంతియోకస్ కాలంలో యెరూషలేము ఆలయం అపవిత్రమైంది, యూదుల ఆచారాలు నిషేధించారు. యూదా మక్కబీ, అతని సోదరులు తిరగబడి ఆలయాన్ని దక్కించుకున్నారు. క్రీ.పూ. 164లో కిస్లేవ్ 25న బలిపీఠాన్ని తిరిగి ప్రతిష్ఠించారు. అప్పటికి క్రీస్తు పుట్టనే లేదు. యోహాను సువార్త పదో అధ్యాయంలో చలికాలపు ప్రతిష్ఠ పండుగ అని ఉన్నది దీని గురించే.

ఆలయ దీపానికి ఒక్క రోజుకు చాలే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ ఈ తిరుగుబాటు చరిత్ర చెప్పే మక్కబీయుల గ్రంథాల్లో లేదు, ఆ తర్వాతి యూదు ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉంది. మక్కబీయుల రెండో గ్రంథం మాత్రం, యుద్ధం వల్ల జరుపుకోలేకపోయిన పర్ణశాలల పండుగలాగా ఎనిమిది రోజులు చేశారని చెబుతుంది. అడిగినవాళ్లకు నేను రెండూ చెబుతాను.

అపోహ: ఏడు కొమ్మల దీపస్తంభం వెలిగిస్తారు.

వాస్తవం: ఏడు దీపాలది ఆలయంలోని మెనోరా. హనుక్కాకు వాడేది తొమ్మిది దీపాల హనుక్కియా. ఎనిమిది రాత్రులకు ఎనిమిది, తొమ్మిదోది షమాష్, అంటే సేవకుడు. దానితోనే మిగతావి వెలిగిస్తారు. ఆ ఎనిమిది దీపాల వెలుగులో చదువుకోకూడదు, పని చేసుకోకూడదు, చూసి ఆనందించడానికే అవి. కుడి నుంచి ఎడమకు పేర్చి, కొత్త దీపంతో మొదలుపెట్టి వెలిగిస్తారు. షమాష్‌తో కలిపి పండుగంతటికీ 44 కొవ్వొత్తులు కావాలి. ఎనిమిదితో మొదలుపెట్టి రోజూ ఒకటి తగ్గించాలని పూర్వపు యూదు గురువు షమ్మాయి సంప్రదాయం వాదించింది. పెంచాలన్న మరో గురువు హిల్లేల్ సంప్రదాయం మాటే నిలిచింది.

అపోహ: యూదులకు ఇదే అన్నిటికన్నా పెద్ద పండుగ.

వాస్తవం: కాదు. పస్కా, యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) లాంటివి పెద్దవి. హనుక్కా రోజుల్లో ఆఫీసు పనికి నిషేధం లేదు.

ఇక తిండి. ఆలుగడ్డ తురుముతో చేసే లాట్కే తూర్పు ఐరోపా యూదుల అలవాటు. ఇజ్రాయెల్‌లో జామ్ నింపి నూనెలో వేయించిన సుఫ్గానియోత్ ఎక్కువ తింటారు. వంటకం ఏదైనా, ఆ నూనె కథకు గుర్తుగా నూనె ఉండాలి.