బాంబు పెట్టింది ఎవరు? ‘ఫైనల్ ఫాంటసీ 7’ కథలో మారిన లెక్క

పెద్ద గేమ్ ఏది వచ్చినా ఒక ఫిర్యాదు ఖాయంగా వినిపిస్తుంది: పాత గేములు హాయిగా ఉండేవి, రాజకీయాలు చొప్పించడం ఇప్పుడే మొదలైందని. అలా అనేవాళ్లలో చాలామందికి 1997 స్వర్ణయుగం. ఆ ఏడాది జనవరి 31న జపాన్‌లో ప్లేస్టేషన్ మీద విడుదలైన ‘ఫైనల్ ఫాంటసీ 7’ అందరికంటే ముందు గుర్తొచ్చే పేరు. దాని మొదటి ఘట్టంలో ఆడేవాడి పని ఒక విద్యుత్ రియాక్టర్‌లో బాంబు పెట్టడం!

అసలు రాజకీయం గేముల్లోకి రావడం అంతకంటే చాలా పాతది. 1980లో అటారీ కంపెనీ తెచ్చిన ‘మిసైల్ కమాండ్’లో ఆరు నగరాలను క్షిపణుల నుంచి కాపాడుకోవాలి. ఎంత బాగా ఆడినా చివరికి అన్నీ పోవాల్సిందే. అప్పుడు తెర మీద మామూలుగా పడే ‘గేమ్ ఓవర్’కు బదులు ‘ది ఎండ్’ అని పడుతుంది. దాన్ని తయారుచేసిన డేవ్ థ్యూరర్‌కు ఆ రోజుల్లో అణుబాంబుల పీడకలలు వచ్చేవట. 1987లో హిడియో కొజిమా మొదలుపెట్టిన ‘మెటల్ గేర్’ కథలన్నిటి వెనుకా అణ్వస్త్రాల భయమే ఉంది. ‘ఫైనల్ ఫాంటసీ 7’ మాత్రం ఇంకాస్త ఇబ్బందికరమైన చోట చెయ్యి పెట్టింది. ఇందులో బాంబు శత్రువు చేతిలో లేదు, మన చేతిలో ఉంది.

కథ మిడ్గార్ అనే నగరంలో మొదలవుతుంది. షిన్రా అనే కంపెనీ భూమిలోని ప్రాణశక్తిని ‘మాకో’ పేరుతో తోడి కరెంటుగా అమ్ముతుంటుంది. ప్రభుత్వం, సైన్యం, టీవీ అన్నీ దాని గుప్పిట్లోనే. దాన్ని ఎదిరించే ‘అవలాంచ్’ దళానికి నాయకుడు బారెట్. కుడిచేతి స్థానంలో తుపాకీ. గ్రహం చచ్చిపోతోందని అరుస్తూ తిరుగుతాడు. ఇంతవరకు ఇది మంచివాళ్లకు, చెడ్డ కంపెనీకి మధ్య పోరు.

కథ ముందుకెళ్లేకొద్దీ రచయితలు ఆ సుఖం దక్కనివ్వరు. దళాన్ని తుడిచిపెట్టడానికి షిన్రా స్తంభాల మీద నిలబెట్టిన నగరంలో ఒక భాగాన్ని కింద ఉన్న పేదల బస్తీ మీద కూల్చేసి, ఆ నేరాన్ని అవలాంచ్ నెత్తిన వేస్తుంది. సరిగ్గా అంతకుముందే, బాంబు తయారుచేసిన జెస్సీ గాయాలతో పడి ఉంటుంది. మన వల్ల చాలామంది చనిపోయారు, ఇది బహుశా మనకు శిక్ష అని కథానాయకుడు క్లౌడ్‌తో అంటుంది. అంతకుముందు కూడా తన లెక్క ఎక్కడో తప్పిందేమో, పేలుడు అంత పెద్దదైందేమిటని మథనపడుతుంది.

బారెట్ గతం ఇంకా చిక్కు. అతని ఊరు కోరెల్ బొగ్గు గనుల ఊరు. రియాక్టర్ వస్తే బతుకులు బాగుపడతాయని షిన్రా చెప్పినప్పుడు స్నేహితుడు డైన్ కాదన్నాడు, బారెట్ ఔనన్నాడు. తర్వాత రియాక్టర్‌లో పేలుడు జరిగితే కంపెనీ ఆ నెపం ఊరివాళ్ల మీదికి నెట్టి ఊరిని తగలబెట్టింది. అంటే పర్యావరణ యోధుడిగా కనిపించేవాడు ఒకప్పుడు అదే కంపెనీకి స్వాగతం పలికినవాడు. అతని కోపంలో సగం తన మీద తనకే.

కథ చాలా దూరం వచ్చాక, ఎయిర్‌షిప్ మీద ఒక సంభాషణ ఉంది. నా లెక్కలో ఆ గేమ్ మొత్తానికీ కీలకం అదే. కేట్ సిత్ ఒక పిల్లి బొమ్మ. దాన్ని దూరం నుంచి ఆడిస్తున్నది షిన్రాలో పెద్ద ఉద్యోగి రీవ్. ఒకటో రియాక్టర్ పేలినప్పుడు ఎంతమంది చచ్చారో తెలుసా అని అతను బారెట్‌ను నిలదీస్తాడు. గ్రహం కోసం చేశాం, కొద్దిమంది పోక తప్పదని బారెట్ అంటాడు. మీకు కొద్దిమందే కావచ్చు, పోయినవాళ్లకు అదే సర్వస్వం అన్నది పిల్లి జవాబు. షిన్రా వాడివి నువ్వా నాకు చెప్పేదని బారెట్ మండిపడతాడు. అప్పుడు టీఫా, దళంలోని మనిషే, ఏ కారణం చెప్పినా మిడ్గార్‌లో మనం చేసింది క్షమించరానిదని అంటుంది. నీతి చెప్పడానికి అర్హత లేనివాడి నోట నిజం పలికించి, దాన్ని మనవాళ్ల చేతే ఒప్పించారు.

ఇది వచ్చింది ఎప్పుడు? టోక్యో మెట్రో రైళ్లలో ఓమ్ షిన్రిక్యో అనే మతవర్గం సారిన్ విషవాయువు దాడి చేసింది 1995 మార్చిలో. అదే ఏడాది డిసెంబరులో మోంజు అణు రియాక్టర్‌లో సోడియం లీకైంది. కథకు అవే మూలమని నేననను. కానీ రెండేళ్లు తిరక్కుండా జపాన్‌లో ఈ గేమ్ ఆడినవాళ్లకు రియాక్టర్, రైలు, రహస్య దళం అన్నవి ఉత్త ఊహల్లా తోచి ఉండవు.

తర్వాత 2001 సెప్టెంబరు 11. ఆ నవంబరులో అమెరికాలో విడుదలైన ‘మెటల్ గేర్ సాలిడ్ 2’లో ఒక భారీ యుద్ధనౌక మన్‌హాటన్‌ను ఢీకొనే దృశ్యాన్ని కొజిమా బృందం తీసేసింది. నగరంలో బాంబు పెట్టే హీరో ఇక తేలిగ్గా మింగుడుపడే మనిషి కాడు. 1997 నాటి కథలో ఒక్క అక్షరం మారలేదు, దాన్ని చూసే కళ్లు మారాయి.

2020 ఏప్రిల్‌లో రీమేక్ వచ్చింది. అందులో క్లౌడ్ పెట్టిన బాంబు చిన్నగా పేలుతుంది, రియాక్టర్ కూలదు. అప్పుడు షిన్రా పెద్దలే తమ యంత్రాలతో దాన్ని ధ్వంసం చేయించి, శత్రుదేశం వూటాయ్‌తో అవలాంచ్ చేతులు కలిపిందని ప్రచారం చేస్తారు. ఈ సంగతి దళానికి తెలియదు, ఆడేవాడికి తెలుసు. జెస్సీ ఇక్కడా కుమిలిపోతుంది. కానీ ఆమె బాధపడుతున్నది తాను చేయని పనికని మనకు ముందే తెలుసు కాబట్టి, ఆ బాధ మన దాకా రాదు.

రీమేక్‌ను తీసిపారేయడం కూడా సరికాదు. పాత గేమ్ పేలుడు తర్వాతి వీధులను చకచకా దాటేసింది. కొత్తది మంటల్లోంచి, గాయపడి ఏడుస్తున్న జనం మధ్య నుంచి నింపాదిగా నడిపిస్తుంది. శిథిలాలు పెరిగాయి, మన నేరం తగ్గింది. రాజకీయాలు ఎక్కువయ్యాయని విసుక్కునేవాళ్లు ఈ తేడా చూడాలి. అధికారంలో ఉన్నవాడి కుట్ర అనే కథ నిజానికి సులువైనది, దాన్ని ఎవరూ కాదనరు. మన పక్షం వాడే అమాయకుల్ని చంపితే ఏమనాలన్నది కష్టమైన ప్రశ్న. దాన్ని అడిగింది పాత గేమే.

రీమేక్‌ను మూడు భాగాలుగా అనుకున్నారు, రెండోది ‘రీబర్త్’ 2024లో వచ్చింది. ఎయిర్‌షిప్ మీది ఆ సంభాషణ కథాక్రమంలో మూడో భాగానికి చెందుతుంది. పేలుడు పాపాన్ని షిన్రా ఖాతాలో రాసేశాక, షిన్రా మనిషి చేత బారెట్‌ను ఎలా నిలదీయిస్తారో, టీఫా చేత దేనికి తప్పు ఒప్పిస్తారో రచయితలు అక్కడ తేల్చుకోవాలి.