‘పరస్పర అంగీకారం’ చుట్టూ పన్నెండేళ్లు: సిరియా ప్రతిపక్షం నడిచిన దారి

అధ్యక్షుడు బషర్ అల్ అసద్ మీద తిరుగుబాటు యుద్ధంగా మారిన సిరియా గురించి 2012 జూన్ 30న జెనీవాలో ఒక ప్రకటన వెలువడింది. సిరియాలో సంపూర్ణ కార్యనిర్వాహక అధికారాలున్న మధ్యంతర పాలక మండలి రావాలి, అందులో ప్రభుత్వం వాళ్లూ ప్రతిపక్షం వాళ్లూ ఉండొచ్చు, అది ‘పరస్పర అంగీకారం’తో ఏర్పడాలి అన్నది దాని సారం. ఆ తర్వాత పన్నెండేళ్లు సిరియా ప్రతిపక్షం చేసిన బేరమంతా ఈ ఒక్క మాట మీదే. దాన్ని రాసిన సమావేశంలో మాత్రం సిరియా ప్రభుత్వమూ లేదు, ప్రతిపక్షమూ లేదు.

ఐక్యరాజ్యసమితి, అరబ్ లీగ్ తరఫు దూత కోఫీ అన్నన్ తెచ్చిన ముసాయిదాలో, అధికార మార్పిడి మీద నమ్మకాన్ని దెబ్బతీసేవాళ్లకు మండలిలో చోటుండదన్న అర్థంలో ఒక మాట ఉండేది. రష్యా పట్టుబట్టి దాన్ని తీయించింది. దాని స్థానంలో వచ్చిందే ఈ ‘పరస్పర అంగీకారం’. అసద్ దిగిపోవాల్సిందేనని దీని అర్థమని అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ అన్నారు. అలాంటి షరతేమీ లేదని రష్యా విదేశాంగ మంత్రి సెర్గీ లావ్రోవ్ అన్నారు. ప్రతిపక్షం ఒప్పుకోకపోతే అసద్ మండలిలోకి రాలేడు, సరే. కానీ అసద్ ఒప్పుకోకపోతే అసలు మండలే పుట్టదు. ప్రతిపక్షం మొదటి సగాన్ని గట్టిగా పట్టుకుంది, రెండో సగానికి దాని దగ్గర మందు లేదు.

అప్పటికి ప్రతిపక్షం తరఫున మాట్లాడుతున్నది 2011 అక్టోబరులో ఇస్తాంబుల్‌లో ఏర్పడిన సిరియన్ నేషనల్ కౌన్సిల్. ప్రవాసుల బృందమని, లోపల పోరాడేవాళ్లతో సంబంధం తక్కువని దానికి పేరొచ్చింది. దాంతో 2012 నవంబరు 11న దోహాలో ఇంకా పెద్ద గొడుగు కింద నేషనల్ కోయలిషన్ పుట్టింది. డమాస్కస్ ఉమయ్యద్ మసీదు మాజీ ఇమామ్ మొయాజ్ అల్ ఖతీబ్ దానికి తొలి అధ్యక్షుడు. నెల తిరిగేసరికి మరాకేష్ సమావేశంలో వందకు పైగా దేశాలు దాన్ని గుర్తించాయి.

2013 మార్చి 26న దోహా అరబ్ లీగ్ శిఖరాగ్ర సభలో సిరియా కుర్చీలో ఖతీబ్ కూర్చున్నారు. ముందున్న జెండా మూడు ఎర్ర నక్షత్రాలది, తిరుగుబాటుదారులది. అయితే అంతకు రెండు రోజుల ముందే ఆయన రాజీనామా ప్రకటించి ఉన్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, సరిగ్గా అదే. కోయలిషన్ పెట్టిన తాత్కాలిక ప్రభుత్వం కార్యాలయం సరిహద్దు అవతల, టర్కీలోని గాజియాంటెప్‌లో. దాని చేతిలో సొంత పన్నుల రాబడి లేదు. ఆయుధాలూ డబ్బూ ఖతార్, సౌదీ, టర్కీల నుంచి నేరుగా సాయుధ ముఠాలకు వెళ్లేవి కాబట్టి వాటిని అదుపు చేసే మార్గమూ లేదు. అందుకే జెనీవాలో కాల్పుల విరమణకు ఇది మాటిచ్చినా, క్షేత్రంలో అమలు చేయించగలదా అన్న ప్రశ్న ఎప్పుడూ వెంటాడేది.

2014 జనవరిలో రెండో జెనీవా. వెళ్లాలా వద్దా అన్న తగువులోనే నేషనల్ కౌన్సిల్ కోయలిషన్ నుంచి బయటికొచ్చేసింది. చర్చల గదిలోకి రెండు బృందాలూ వేర్వేరు తలుపుల గుండా వచ్చేవి. ఎదురెదురుగా కూర్చుని కూడా ఒకరితో ఒకరు మాట్లాడకుండా, అన్నన్ తర్వాత వచ్చిన మధ్యవర్తి లఖ్దర్ బ్రహీమీ వైపు తిరిగే మాట్లాడేవి. ముందు ఉగ్రవాదం సంగతి తేల్చాలంది ప్రభుత్వం, ముందు పాలక మండలి అంది ప్రతిపక్షం. ఎజెండాలో ఏది ముందన్న దగ్గరే ఫిబ్రవరి 15న చర్చలు ఆగిపోయాయి. మేలో బ్రహీమీ తప్పుకున్నారు.

2015 సెప్టెంబరు 30న రష్యా విమానాలు అసద్ తరఫున రంగంలోకి దిగాక లెక్క మారింది. డిసెంబరులో రియాద్‌లో రాజకీయ పక్షాలనూ సాయుధ ముఠాలనూ కలిపి ప్రతిపక్షం తరఫున చర్చలకు హై నెగోషియేషన్స్ కమిటీ వేశారు. 2012లో అసద్‌ను వదిలి వచ్చిన మాజీ ప్రధాని రియాద్ హిజాబ్ దానికి సమన్వయకర్త. అదే నెల 18న భద్రతా మండలి 2254వ తీర్మానం చేసింది: ఆరు నెలల్లో అందరినీ కలుపుకున్న పాలన, 18 నెలల్లో కొత్త రాజ్యాంగం కింద ఎన్నికలు. అసద్ పేరు అందులో ఎక్కడా లేదు.

2016 సెప్టెంబరులో లండన్‌లో కమిటీ తన ప్రణాళిక బయటపెట్టింది. ఆరు నెలలు చర్చలు, ఆ తర్వాత అసద్, ఆయన ఆంతరంగికులు తప్పుకుంటే 18 నెలలు మధ్యంతర మండలి, ఆపైన ఎన్నికలు. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. డిసెంబరులో తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న తూర్పు అలెప్పో ప్రభుత్వం చేతికి చిక్కింది, ప్రతిపక్షం బేరానికి పెట్టుబడే పోయింది. మరుసటి ఏడాది హిజాబ్ రాజీనామా చేశారు.

పాలక మండలి మాట పక్కకు జరిగి రాజ్యాంగం ముందుకొచ్చింది. 2018 జనవరిలో రష్యా సోచీలో పెట్టిన సభ నుంచి పుట్టిన ఆలోచన, 2019 అక్టోబరు 30న జెనీవాలో రాజ్యాంగ కమిటీగా మొదలైంది. మొత్తం 150 మంది: ప్రభుత్వం 50, ప్రతిపక్షం 50, పౌర సమాజం 50. రాతపని 45 మందిది, ఒక్కో వర్గం నుంచి 15. ఏకాభిప్రాయం కుదరకపోతే 75 శాతం ఓట్లు కావాలి. ఇక్కడే ఉంది చిక్కు. 45లో 75 శాతం అంటే 34. రెండు వర్గాలు మొత్తం కలిసినా 30 దగ్గరే ఆగుతాయి. 150లో అయితే 113 కావాలి, రెండు వర్గాలు కలిస్తే వంద. అంటే ఒక్క వర్గం బిగుసుకుంటే అక్షరం కదలదు. జెనీవా ప్రకటనలోని ‘పరస్పర అంగీకారమే’ ఇక్కడ అంకెల వేషం కట్టుకుని వచ్చింది.

రెండో విడతలో 45 మంది ఒక్కసారి కూడా కూర్చోలేదు. ముందు ‘జాతీయ మూలసూత్రాలు’ చర్చించాలని ప్రభుత్వ పక్షం, రాజ్యాంగమే చర్చించాలని ప్రతిపక్షం. మళ్లీ అదే, ఏది ముందు. 2012 నాటి రాజ్యాంగాన్ని సవరిస్తే చాలని ఒకరు, కొత్తది రాయాలని ఒకరు. ఎనిమిది విడతలు గడిచాయి. 2022 జులైలో జరగాల్సిన తొమ్మిదోది, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత స్విట్జర్లాండ్ తటస్థం కాదని రష్యా అభ్యంతరం చెప్పడంతో రద్దయింది. 2023 మేలో అరబ్ లీగ్ అసద్ ప్రభుత్వాన్ని తిరిగి చేర్చుకుంది.

మార్పిడి చివరికి ఈ గదుల్లో ఎన్నడూ కూర్చోని వాళ్ల చేతుల మీదుగా వచ్చింది. 2024 నవంబరు 27న వాయవ్య సిరియాలోని ఇద్లిబ్ నుంచి బయల్దేరిన ఇస్లామిస్టు సాయుధ సంస్థ హయత్ తహ్రీర్ అల్ షామ్ దళాలు ముందు అలెప్పోను, తర్వాత హమాను పట్టుకున్నాయి. డిసెంబరు 8న డమాస్కస్ పడింది, అసద్ మాస్కో చేరారు. గాజియాంటెప్ ప్రభుత్వాన్ని ఇద్లిబ్‌లో నిలవనీయకుండా పోటీ ప్రభుత్వం నడిపింది ఈ సంస్థే. ఆ పోటీ ప్రభుత్వ అధినేత మహమ్మద్ అల్ బషీరే తాత్కాలిక ప్రధాని అయ్యారు.

2025 జనవరి 29న ఆ సంస్థ నాయకుడు అహ్మద్ అల్ షరాను మధ్యంతర అధ్యక్షుడిగా ప్రకటించారు. సవరించాలా, కొత్తది రాయాలా అని ఎనిమిది విడతలు వాదులాడుకున్న 2012 రాజ్యాంగాన్ని ఆ రోజే పక్కనపెట్టేశారు. ఫిబ్రవరిలో కోయలిషన్, చర్చల కమిటీ నాయకులు డమాస్కస్ వెళ్లి షరాను కలిసి తమ ఫైళ్లు అప్పగించారు. మార్చి 2న ఏడుగురితో ముసాయిదా కమిటీ వేస్తే, 13న రాజ్యాంగ ప్రకటన మీద షరా సంతకం చేశారు. అందులో మధ్యంతర కాలం 18 నెలలు కాదు, ఐదేళ్లు.